కమాండ్‌లైన్ ప్రోగ్రాములు: పేరు పెట్టడం, ఇన్‌స్టాల్ చేయడం

టెర్మినల్‌లో పేరు టైపు చేసి ఎంటర్ కొడితే నడిచే ప్రోగ్రామును కమాండ్‌లైన్ ప్రోగ్రాం అంటారు. వాడుకలో కమాండ్ అంటే సరిపోతుంది. ఇలాంటి ప్రోగ్రామును తయారుచేసే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు రెండు సంగతులు తేల్చుకోవాలి: దానికి ఏ పేరు పెట్టాలి, వాడేవారి కంప్యూటర్లో దాన్ని ఎక్కడ ఉంచాలి. పైకి ఇవి వేర్వేరు పనుల్లా కనిపిస్తాయి కానీ, విడదీయడం కుదరదు. కమాండ్ పేరంటే ఏదో ఒక డైరెక్టరీలో ఉన్న ఫైలు పేరే. ఒక డైరెక్టరీలో ఒక పేరుతో ఒక్క ఫైలే ఉండగలదు. ఒకరి మొహం ఒకరు చూడని వేలమంది ప్రోగ్రామర్లు ఎవరికి వారు ఎంచుకున్న పేర్లన్నీ చివరికి ఒకే కంప్యూటర్లో, చాలాసార్లు ఒకే డైరెక్టరీలో వచ్చి పడతాయి. ఈ పేర్లను నమోదు చేసుకునే కార్యాలయం ప్రపంచంలో ఎక్కడా లేదు. వెబ్‌సైట్ల పేర్లకు రిజిస్ట్రేషన్ ఉంది, కమాండ్లకు లేదు. ఈ రంగంలో యాభై ఏళ్లుగా నడిచిన పేచీలు, కుదిరిన రాజీలు, రాసుకున్న నియమాలు చాలావరకు ఈ ఒక్క లోటు నుంచి పుట్టినవే.

షెల్ పేరును వెతికే తీరు

మనం టైపు చేసిన మాటను మొదట అందుకునేది షెల్. లినక్స్‌లో ఎక్కువగా బ్యాష్, మ్యాక్‌లో 2019 నుంచి జెడ్‌షెల్ ఈ పని చేస్తున్నాయి. ఆ మాట వాడేవారు పెట్టుకున్న మారుపేరా (అలియాస్), తనలోనే ఉన్న కమాండా అని షెల్ ముందుగా చూసుకుంటుంది. రెండూ కాకపోతే ‘పాత్’ అనే వేరియబుల్‌లో రాసి ఉన్న డైరెక్టరీల జాబితా తీసుకుని, ఎడమ నుంచి కుడికి ఒక్కొక్క దాంట్లో ఆ పేరుగల ఫైలు కోసం వెతుకుతుంది. మొదట ఎక్కడ దొరికితే దాన్ని నడిపేస్తుంది. తర్వాతి డైరెక్టరీల్లో అదే పేరుతో ఇంకో రెండు ప్రోగ్రాములున్నా వాటి జోలికి పోదు. ఆర్భాటమంతా పక్కన పెడితే, ఇన్‌స్టాల్ చేయడమంటే నడిపే అనుమతి ఉన్న ఫైలును ఆ జాబితాలోని ఒక డైరెక్టరీలో చేర్చడమే.

ముందున్నదే గెలుస్తుందన్న ఈ నియమానికి బ్యాష్ మరో మెలిక పెట్టింది. ఒక కమాండ్ ఒకసారి ఎక్కడ దొరికిందో అది గుర్తుపెట్టుకుంటుంది, రెండోసారి వెతకదు. ఒక ప్రోగ్రాం పాత వెర్షన్ ‘/యూఎస్ఆర్/బిన్’లో ఉందనుకుందాం. దాన్ని ఒకసారి నడిపి చూసి, కొత్త వెర్షన్‌ను ‘/యూఎస్ఆర్/లోకల్/బిన్’లో పెట్టి, అదే టెర్మినల్‌లో వెర్షన్ అడిగితే పాత అంకే వస్తుంది. పాత్‌లో కొత్త డైరెక్టరీ ముందున్నా అంతే. ఇన్‌స్టాల్ సరిగా కాలేదేమోనని మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టేవాళ్లు చాలామంది. ‘హ్యాష్ -ఆర్’ అని కొడితే బ్యాష్ ఆ జ్ఞాపకాన్ని చెరిపేస్తుంది. కొత్త టెర్మినల్ తెరిచినా చాలు. ఒకే పేరుతో ఎక్కడెక్కడ ఏమేం ఉన్నాయో చూపడానికి ‘టైప్ -ఏ’ ఉంది.

మనం ఉన్న డైరెక్టరీని యునిక్స్ తరహా సిస్టంలు పాత్‌లో చేర్చవు. చేరిస్తే, నలుగురూ వాడే డైరెక్టరీలో ఎవరైనా ‘ఎల్ఎస్’ పేరుతో తమ సొంత ప్రోగ్రాం పెట్టి, ఫైళ్ల జాబితా చూద్దామని వచ్చినవారి చేత దాన్ని నడిపించవచ్చు. అందుకే అప్పుడే కంపైల్ చేసిన ప్రోగ్రామును నడపాలంటే పేరు ముందు చుక్క, స్లాష్ పెట్టాల్సి వస్తుంది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్ మాత్రం ఉన్న చోటే ముందు వెతుకుతుంది.

రెండక్షరాల కాలం

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యునిక్స్ మొదలుపెట్టినప్పుడు వాళ్ల ముందున్నది తెర కాదు, టెలిటైప్ మోడల్ 33. సెకనుకు 10 అక్షరాల చొప్పున కాగితం మీద అచ్చుకొట్టే యంత్రమది. ఎంత తక్కువ టైపు చేస్తే చేతికి అంత సుఖం. ఎల్ఎస్, సీపీ, ఎంవీ, ఆర్ఎం అనే పొడి పేర్లు అలా వచ్చాయి. 1971 నవంబరు 3 తేదీతో ఉన్న మొదటి మాన్యువల్‌లోనే ఇవి కనిపిస్తాయి. అప్పట్లో యునిక్స్ వాడేవారు కొద్దిమందే కాబట్టి పేరు దగ్గర పేచీ వస్తే పక్క గదికి వెళ్లి తేల్చుకునే వీలుండేది. ఆ తర్వాత వచ్చినవాళ్లు చమత్కారం మీద ఆధారపడ్డారు. గ్రెప్ పేరు ఈడీ ఎడిటర్‌లోని ఒక ఆదేశం నుంచి వచ్చింది. 1977 నాటి ఆక్ పేరులో ఉన్నవి ఆహో, వైన్‌బర్గర్, కెర్నిగాన్ అనే ముగ్గురి పేర్లలోని మొదటి అక్షరాలు. పేజీలు చూపే ‘మోర్’కు మెరుగైన రూపంగా వచ్చిన ప్రోగ్రామేమో ‘లెస్’ అని పేరు పెట్టుకుంది.

1992లో వచ్చిన పోసిక్స్ షెల్ ప్రమాణం పేర్ల గురించి ఒక మార్గదర్శకం పెట్టింది: కమాండ్ పేరు 2 నుంచి 9 అక్షరాల మధ్య ఉండాలి, ఇంగ్లీషు చిన్నబడి అక్షరాలు, అంకెలు తప్ప మరేవీ ఉండకూడదు. హైఫన్‌కు కూడా చోటివ్వలేదు. దీన్ని పాటించేవాళ్లకంటే పాటించనివాళ్లే ఎక్కువని చెప్పక తప్పదు. ‘ఆప్ట్-గెట్’ మొదలుకుని హైఫన్ ఉన్న కమాండ్లు వందల్లో ఉన్నాయి. అంతెందుకు, అదే ప్రమాణంలో ఉన్న ఎడమ చదరపు బ్రాకెట్ కమాండే ఈ రెండు నియమాలనూ తప్పుతుంది. లినక్స్ కంప్యూటర్లో ‘/యూఎస్ఆర్/బిన్’ తెరిచి చూస్తే [ అనే ఒక్క గుర్తే పేరుగా ఉన్న ఫైలు కనిపిస్తుంది. అది ‘టెస్ట్’ కమాండ్‌కు మరో రూపం. షెల్ స్క్రిప్టుల్లో షరతులు రాసే చాలామందికి తాము వాడుతున్నది ఒక కమాండ్ పేరని కూడా తెలియదు.

ఏ డైరెక్టరీలో పెట్టాలి

‘/బిన్’, ‘/యూఎస్ఆర్/బిన్’ అని రెండు చోట్లు ఎందుకున్నాయన్నదానికి పాఠ్యపుస్తకాల్లో గంభీరమైన వివరణలు కనిపిస్తాయి. అసలు కారణం మామూలుది: బెల్ ల్యాబ్స్ పీడీపీ-11 మీద మొదటి డిస్కు నిండిపోయింది. వాడేవారి సొంత ఫైళ్లకని పెట్టిన రెండో డిస్కులోకి, అంటే ‘/యూఎస్ఆర్’లోకి, సిస్టం ప్రోగ్రాములు పొంగిపొర్లాయి. తర్వాతి తరాలు ఆ సర్దుబాటునే సిద్ధాంతంగా మార్చుకున్నాయి: కంప్యూటర్ బూట్ కావడానికి తప్పనిసరైనవి ‘/బిన్’లో, మిగతావి ‘/యూఎస్ఆర్/బిన్’లో, అడ్మినిస్ట్రేటర్లు వాడేవి ‘ఎస్‌బిన్’లలో. 1994లో మొదటిసారి వెలువడి, 2015లో 3.0 వెర్షన్‌కు చేరిన ఫైల్‌సిస్టం హైరార్కీ స్టాండర్డ్ ఈ విభజనను కాగితం మీద పెట్టింది. ఇప్పుడు గాలి తిరిగింది. 2012లో ఫెడోరా 17 రెండు బిన్‌లనూ కలిపేసింది. 2023 నాటి డెబియన్ 12లో కలిపిన అమరికే ఉంటుంది. ‘/బిన్’ ఇప్పుడు ‘/యూఎస్ఆర్/బిన్’కు చూపే లింకు మాత్రమే. స్క్రిప్టుల మొదటి వరుసలో ‘/బిన్/ఎస్‌హెచ్’ అని రాసి ఉన్న లక్షల ఫైళ్లు దాని మీద ఆధారపడ్డాయి కాబట్టి ఆ లింకును తీసేసే ధైర్యం ఎవరూ చేయరు.

ప్రాజెక్టు నడిపేవారికి నిజంగా అక్కరకొచ్చే విభజన వేరే ఉంది. ‘/యూఎస్ఆర్/బిన్’ డిస్ట్రిబ్యూషన్‌ది: డెబియన్, ఫెడోరా లాంటివాళ్ల ప్యాకేజీ మేనేజర్ తప్ప అక్కడ మరెవరూ చెయ్యి పెట్టకూడదు. ‘/యూఎస్ఆర్/లోకల్/బిన్’ ఆ కంప్యూటర్ అడ్మినిస్ట్రేటర్‌ది. సిస్టం అప్‌డేట్ దాని జోలికి రాకూడదని ప్రమాణమే చెబుతుంది. హోం డైరెక్టరీలోని ‘.లోకల్/బిన్’ ఒక్క యూజర్‌ది, దానికి రూట్ అనుమతి అక్కర్లేదు. డెబియన్, ఉబుంటులలో ఈ మూడోదాన్ని మొదటిసారి సృష్టించినప్పుడు ఒక తిరకాసుంది. లాగిన్ అయ్యేటప్పుడు ఆ డైరెక్టరీ ఉంటేనే అది పాత్‌లో చేరుతుంది కాబట్టి, కొత్తగా సృష్టించాక ఒకసారి లాగౌట్ కావాలి.

మేక్ ఇన్‌స్టాల్

1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ ‘మేక్’ రాశాడు. 1991లో డేవిడ్ మెకెంజీ ఆటోకాన్ఫ్ మొదలుపెట్టాడు. ఈ రెండూ కలిసి కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ అనే మూడడుగుల వరుసను తెచ్చిపెట్టాయి. ఇప్పటికీ సోర్స్ కోడ్ తెచ్చుకుని బిల్డ్ చేసేవారి వేళ్లకు ఈ మూడూ వాటంతటవే వచ్చేస్తాయి.

ఇందులో పేరుకూ చోటుకూ సంబంధించిన మీటలన్నీ కాన్ఫిగర్ దగ్గరే ఉన్నాయి. ‘ప్రిఫిక్స్’ అనే ఆప్షన్‌తో ఎక్కడ పెట్టాలో చెప్పవచ్చు. ఏమీ చెప్పకపోతే ‘/యూఎస్ఆర్/లోకల్’. కమాండ్ పేరుకు ముందో వెనకో ఏదైనా తగిలించడానికి ‘ప్రోగ్రాం-ప్రిఫిక్స్’, ‘ప్రోగ్రాం-సఫిక్స్’ ఉన్నాయి. గ్నూ ప్రోగ్రాములను వేరే యునిక్స్‌ల మీద పెట్టేటప్పుడు ముందు ‘జీ’ తగిలించే అలవాటు బాగా పాతుకుపోయింది. ఫ్రీబీఎస్‌డీలో ‘మేక్’ అంటే బీఎస్‌డీ మేక్, గ్నూ మేక్ కావాలంటే ‘జీమేక్’. మ్యాక్‌లో హోంబ్రూ అనే ప్యాకేజీ మేనేజర్ ద్వారా గ్నూ కోర్‌యుటిల్స్ తెచ్చుకుంటే ఎల్ఎస్ ‘జీఎల్ఎస్’గా వస్తుంది. చూడ్డానికి వికారంగా ఉన్నా నిజాయితీగల పద్ధతి ఇది: పాత యజమాని పేరును లాక్కోలేదు.

చివరి అడుగులో ఫైలును అసలు చోటికి చేర్చేది ‘ఇన్‌స్టాల్’ అనే మరో చిన్న కమాండ్. సీపీ ఉండగా ఇదెందుకని అనుమానం రావచ్చు. నడుస్తున్న ప్రోగ్రాం ఫైలు మీద సీపీతో కొత్తది రాయబోతే ఫైలు వాడకంలో ఉందని కెర్నెల్ అడ్డుకుంటుంది. గ్నూ ఇన్‌స్టాల్ పాత ఫైలు పేరును ముందు తీసేసి, కొత్త ఫైలును అదే పేరుతో సృష్టిస్తుంది. పాతదాన్ని నడుపుతున్న ప్రాసెస్ దాని దారిన అది నడుస్తూనే ఉంటుంది, తర్వాత పిలిచినవారికి కొత్తది దొరుకుతుంది. 755 అనే అనుమతి కూడా ఆ ఒక్క దెబ్బతోనే పడిపోతుంది.

డిస్ట్రిబ్యూషన్లకు ప్యాకేజీ తయారుచేసేవారి ప్రాణం ‘డెస్ట్‌డిర్’ అనే వేరియబుల్‌లో ఉంటుంది. ప్రోగ్రాం తాను చివరికి ‘/యూఎస్ఆర్/బిన్’లో ఉంటానని అనుకోవాలి, కానీ బిల్డ్ చేసే సమయంలో ఫైళ్లు ఒక తాత్కాలిక డైరెక్టరీలో పడాలి. డెస్ట్‌డిర్ సరిగ్గా ఆ పని చేస్తుంది. దీన్ని పట్టించుకోకుండా మేక్‌ఫైల్ రాసిన ప్రాజెక్టుకు ప్యాకేజీ చేసేవాళ్ల నుంచి వచ్చే మొదటి ప్యాచ్ తరచూ ఇదే.

మేక్ ఇన్‌స్టాల్‌కు ఒక పెద్ద లోపముంది: ఏ ఫైలు ఎక్కడ పెట్టిందో ఎక్కడా రాసిపెట్టదు. తీసేయాలంటే రచయిత ‘అన్‌ఇన్‌స్టాల్’ కూడా రాసి ఉండాలి, ఆ సోర్స్ డైరెక్టరీ ఇంకా మన దగ్గర ఉండాలి. 1990లలో వచ్చిన డీప్యాకేజ్, ఆర్‌పీఎం ప్రధానంగా పూడ్చింది ఈ లోటునే. ప్రతి ఫైలు ఏ ప్యాకేజీదో అవి లెక్క రాసుకుంటాయి. ఇంకో ప్యాకేజీ అదే పేరుతో ఫైలు పెట్టబోతే ఒప్పుకోవు. పేర్ల తగాదాలు బజారున పడింది ఇక్కడే.

తగాదాలు

డెబియన్ పాలసీ ఈ విషయంలో సూటిగా మాట్లాడుతుంది. వేర్వేరు పనులు చేసే రెండు ప్రోగ్రాములను రెండు ప్యాకేజీలు ఒకే పేరుతో పెట్టకూడదు. పెడితే ఒకరు పేరు మార్చుకోవాలి. ఎవరు మార్చుకోవాలో మాట్లాడుకుని తేల్చుకోవాలి. తేలకపోతే ఇద్దరూ మార్చుకోవాలి.

ఆ చివరి వాక్యం ఉత్తుత్తి బెదిరింపు కాదని ‘నోడ్’ వ్యవహారం చూపించింది. 2009లో ర్యాన్ డాల్ జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపే నోడ్ జేఎస్ విడుదల చేశాడు, కమాండ్ పేరు ‘నోడ్’. అదే పేరుతో డెబియన్‌లో అప్పటికే ఒక ప్రోగ్రాం ఉంది. హ్యాం రేడియో ఔత్సాహికులు రేడియో తరంగాల మీద డేటా పంపుకునే ప్యాకెట్ రేడియో సాఫ్ట్‌వేర్ అది. వాడేవారి సంఖ్య చూస్తే రెంటికీ పొంతనే లేదు. కానీ ముందొచ్చినవాళ్లు రేడియోవాళ్లు; మారుమూల కొండ మీద ఎవరూ లేని గదిలో నడిచే రేడియో స్టేషన్‌లో కమాండ్ పేరు మారితే ఏమవుతుందన్న వాళ్ల బెంగ కూడా తీసిపారేయదగింది కాదు. 2012లో వ్యవహారం డెబియన్ సాంకేతిక కమిటీ దాకా వెళ్లింది. రెండూ పేరు మార్చుకున్నాయి: ఇది ‘నోడ్‌జేఎస్’ అయింది, అది ‘ఏఎక్స్25-నోడ్’ అయింది. ‘నోడ్’ అన్న పేరే కావాలనేవారి కోసం ఒక లింకు తప్ప మరేమీ లేని విడి ప్యాకేజీని పెట్టారు. ప్రపంచమంతా మొదటి వరుసలో ‘నోడ్’ అని రాసుకున్న స్క్రిప్టులు డెబియన్, ఉబుంటులలో నడవక కొత్తవాళ్లు తలలు పట్టుకున్నారు. 2017లో కమిటీ తన పాత తీర్మానాన్ని ఎత్తేసింది. న్యాయంగా నడిచిన ఈ తగువులో నష్టపోయింది రెండు పక్షాల్లో ఎవరూ కాదు, మధ్యలో ఉన్న వాడకందార్లు.

ఇంత గొడవ లేకుండా సర్దుకున్నవీ ఉన్నాయి. ఫైళ్లు వెతికే ‘ఎఫ్‌డీ’ డెబియన్‌లో ‘ఎఫ్‌డీఫైండ్’గా దొరుకుతుంది, ఫైలును రంగులతో చూపే ‘బ్యాట్’ అక్కడ ‘బ్యాట్‌క్యాట్’. రెండు పేర్లూ అంతకుముందే వేరేవాళ్లవి. ‘రీనేమ్’ది మరో రకం చిక్కు. డెబియన్‌లో ఆ పేరుకు పలికేది పెర్ల్‌లో రాసిన ప్రోగ్రాం, ఫెడోరాలో పలికేది యుటిల్-లినక్స్ ప్రోగ్రాం. వాటికి రాసే విధానం పూర్తిగా వేరు. ఒక చోట నేర్చుకున్న వరుస ఇంకో చోట పనిచేయదు.

సామాన్యమైన మాటలను పేర్లుగా వాడేసుకుంటే ఏమవుతుందో చూడాలంటే ఇమేజ్‌మ్యాజిక్‌ను మించిన ఉదాహరణ లేదు. బొమ్మల మీద పనిచేసే ఈ ప్రాజెక్టు 1990లో జనంలోకి వచ్చింది. దాని కమాండ్లు: కన్వర్ట్, డిస్‌ప్లే, కంపేర్, ఐడెంటిఫై, ఇంపోర్ట్. విండోస్‌లో ‘కన్వర్ట్’ అంటే డిస్కును ఫ్యాట్ నుంచి ఎన్‌టీఎఫ్ఎస్‌కు మార్చే ప్రోగ్రాం. పాత్‌లో సిస్టం డైరెక్టరీ ముందుంటుంది కాబట్టి ఫొటో సైజు తగ్గిద్దామనుకున్నవారికి డిస్కు మార్చే ప్రోగ్రాం ఎదురవుతుంది. ‘ఇంపోర్ట్’ సంగతి మరీ చిత్రం. తెర ఫొటో తీయడం దాని పని. పైతాన్ స్క్రిప్టు రాసి, మొదటి వరుసలో పైతాన్‌తో నడపమని చెప్పడం మరచిపోతే, షెల్ దాన్ని తన స్క్రిప్టే అనుకుని నడుపుతుంది. పైతాన్ ఫైలు మొదట్లో ఉండేవి ‘ఇంపోర్ట్’ వరుసలే. వెంటనే మౌస్ బాణం ప్లస్ గుర్తుగా మారి, తెర మీద ఎక్కడో క్లిక్ చేయమని ఎదురుచూస్తూ కూర్చుంటుంది. క్లిక్ చేస్తే మాడ్యూల్ పేరుతో ఒక బొమ్మ ఫైలు తయారవుతుంది. వెర్షన్ 7 నుంచి ఇవన్నీ ‘మ్యాజిక్’ అనే ఒకే కమాండ్ కిందికి వచ్చాయి. ‘కన్వర్ట్’ అని పిలిస్తే ఆ పేరు పాతబడిందని హెచ్చరిక కనిపిస్తుంది.

అక్షరాల సైజు కూడా ప్రమాదమే. పెర్ల్‌లోని ఎల్‌డబ్ల్యూపీ లైబ్రరీ వెబ్ సర్వర్‌ను పలకరించడానికి ‘గెట్’, ‘హెడ్’, ‘పోస్ట్’ అనే కమాండ్లను పెద్దబడి అక్షరాల్లో ఇన్‌స్టాల్ చేసేది. లినక్స్‌లో పెద్దబడి ‘హెడ్’ వేరు, ఫైలు మొదటి వరుసలు చూపే చిన్నబడి ‘హెడ్’ వేరు. మ్యాక్ ఫైల్‌సిస్టంకు మామూలుగా ఆ తేడా లేదు. మ్యాక్ మీద ఆ లైబ్రరీని ‘/యూఎస్ఆర్/బిన్’లోకి ఎక్కించినవారి సిస్టంలో అసలు ‘హెడ్’ తుడిచిపెట్టుకుపోయి దాని స్థానంలో వెబ్ ప్రోగ్రాం కూర్చునేది. ‘హెడ్’ మీద ఆధారపడ్డ స్క్రిప్టులు ఒక్కొక్కటే పడిపోతుంటే కారణం అంత తేలిగ్గా తట్టేది కాదు. తర్వాతి వెర్షన్లలో, అడిగితేనే ఆ పేర్లు పెట్టేలా మార్చారు.

పెద్ద కంపెనీలూ దీనికి అతీతం కాదు. విండోస్ పవర్‌షెల్‌లో, నెట్ నుంచి ఫైళ్లు తెచ్చే ‘కర్ల్’, ‘డబ్ల్యూగెట్’ పేర్లు మైక్రోసాఫ్ట్ సొంత కమాండ్‌కు అలియాసులు. అసలు కర్ల్ తీసుకునే ఆప్షన్లేవీ వాటికి అర్థం కావు. 2016లో పవర్‌షెల్ ఓపెన్ సోర్స్ కాగానే వాటిని తీసేయమన్నది తొలి డిమాండ్లలో ఒకటి. కర్ల్ రచయిత డానియల్ స్టెన్‌బర్గ్ కూడా ఆ మాట కలిపాడు. 2018 జనవరిలో వచ్చిన పవర్‌షెల్ 6లో అవి పోయాయి కానీ, విండోస్‌తో పాటు వచ్చే పాత 5.1లో ఇంకా ఉన్నాయి. అక్కడ అసలు కర్ల్ కావాలంటే చివర ‘.ఈఎక్స్ఈ’ చేర్చి పిలవాలి.

గిట్ చేసిన పని

2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన, కోడ్ మార్పులను నమోదు చేసే గిట్‌లో తొలినాళ్లలో ప్రతి పనికీ ఒక విడి కమాండ్ ఉండేది: గిట్-యాడ్, గిట్-కమిట్, గిట్-లాగ్, ఇలా వందకు పైగా. అన్నీ బిన్ డైరెక్టరీలోనే. ‘గిట్-’ అని కొట్టి ట్యాబ్ నొక్కితే తెర నిండిపోయేది. కొత్తవాళ్లు ఆ జాబితా చూసి బెదిరేవారు. 2008 ఆగస్టులో వచ్చిన 1.6.0 వెర్షన్ వాటిలో చాలావాటిని ‘లిబ్‌ఎగ్జెక్/గిట్-కోర్’ అనే లోపలి డైరెక్టరీకి పంపేసింది. పాత్‌లో మిగిలింది ‘గిట్’, ‘గిట్‌కే’, సర్వర్ వైపు అవసరమయ్యే మరికొన్ని. ఆ కొన్నిటిని ఉంచడానికి కారణముంది: ఎస్ఎస్‌హెచ్ ద్వారా వచ్చిన గిట్ అవతలి కంప్యూటర్లో ‘గిట్-అప్‌లోడ్-ప్యాక్’ అని పూర్తి పేరుతోనే పిలుస్తుంది. ముందే చెప్పి చేసినా, హైఫన్ పేర్లతో రాసుకున్న స్క్రిప్టులు విరిగినవాళ్లు గట్టిగానే మండిపడ్డారు. అయినా వెనక్కి తగ్గకపోవడమే మంచిదైంది.

ఊళ్లో నలుగురు సుబ్బారావులుంటే ఇంటిపేరు కలిపి పిలిచినట్టు, ‘యాడ్’, ‘లాగ్’, ‘క్లీన్’ లాంటి సామాన్య నామాలకు ముందు గిట్ తన పేరు తగిలించింది. అందరిదీ అయిన డైరెక్టరీలో మాత్రం దాదాపు ఒక్క పేరుతో సరిపెట్టుకుంది. దీనికి జోడుగా ఇంకో తలుపు తెరిచి ఉంచింది. పాత్‌లో ఎక్కడైనా ‘గిట్-’తో మొదలయ్యే ప్రోగ్రాం ఉంటే, దాన్ని ‘గిట్’ తర్వాత ఖాళీ వదిలి పిలవచ్చు. పెద్ద ఫైళ్ల కోసం వచ్చిన గిట్-ఎల్ఎఫ్ఎస్ ఇలాగే గిట్ సొంత కమాండ్‌లా కలిసిపోతుంది. రస్ట్ భాషకున్న కార్గో, కుబర్నెటిస్‌కున్న క్యూబ్‌సీటీఎల్ ఇదే పద్ధతిని పాటిస్తున్నాయి. నాలుగైదు కమాండ్లకు మించి ఇవ్వబోయే ఏ ప్రాజెక్టుకైనా ఇంతకన్నా మంచి దారి ఇంతవరకు కనిపించలేదు. గిట్ అన్న ఆ ఒక్క పేరుకూ ఒక పాత యజమాని ఉన్నాడన్నది వేరే కథ: డెబియన్‌లో ‘గిట్’ ప్యాకేజీ అంటే చాలాకాలం గ్నూ ఇంటరాక్టివ్ టూల్స్. అసలు గిట్ అక్కడ ‘గిట్-కోర్’ పేరుతో గడిపింది.

ఒకే ఫైలుకు పలు పేర్లు పెట్టడం దీనికి తలకిందుల పద్ధతి. ప్రోగ్రాం మొదలవగానే తనను ఏ పేరుతో పిలిచారో చూసుకోగలదు. 1990ల మధ్యలో డెబియన్ ఇన్‌స్టలేషన్ ఫ్లాపీ కోసం బ్రూస్ పెరెన్స్ రాసిన బిజీబాక్స్‌కు ప్రాణం ఇదే. వందల కమాండ్లు ఒక్క ఫైలులో ఉంటాయి, డైరెక్టరీ నిండా దానికి లింకులుంటాయి. ఆల్పైన్ లినక్స్‌తో పాటు చాలా రౌటర్లలో ఎల్ఎస్, సీపీ అన్నీ నిజానికి బిజీబాక్సే. ఒకే పనికి రెండు మూడు ప్రోగ్రాములుంటే డెబియన్ ఆల్టర్నేటివ్స్ పద్ధతి వాడుతుంది: అక్కడ ‘ఆక్’ అన్నది లింకు, అది చివరికి మాక్‌కో గాక్‌కో చేరుతుంది.

భాషల సొంత దారులు

ఇప్పుడు కొత్త కమాండ్లు ఎక్కువగా వస్తున్నది డిస్ట్రిబ్యూషన్ల గుండా కాదు, ప్రోగ్రామింగ్ భాషల ప్యాకేజీ మేనేజర్ల గుండా. పైతాన్‌లో ప్రాజెక్టు సెట్టింగుల ఫైలులో ‘ఈ పేరుతో పిలిస్తే ఈ ఫంక్షన్ నడుపు’ అని ఒక్క వరుస రాస్తే చాలు, పైతాన్ ప్యాకేజీ మేనేజరైన పిప్ ఒక చిన్న స్క్రిప్టు సృష్టించి బిన్‌లో పెడుతుంది. విండోస్‌లో అదే పనికి ఈఎక్స్ఈ ఫైలు తయారుచేస్తుంది. నోడ్ ప్రపంచంలో ప్యాకేజీ వివరాల ఫైలులోని ‘బిన్’ అనే అంశం ఆ పని చేస్తుంది. గో భాషలో పేరు విడిగా చెప్పనక్కర్లేదు. ప్యాకేజీ దారిలోని చివరి మాటే కమాండ్ పేరవుతుంది. గో ప్రోగ్రాములు హోం డైరెక్టరీలోని ‘గో/బిన్’కు, రస్ట్ ప్రోగ్రాములు ‘.కార్గో/బిన్’కు చేరతాయి. ఒకరు పెట్టిన పేరు మీద ఇంకొకరు రాయకుండా నోడ్ మేనేజరైన ఎన్‌పీఎం, కార్గో అడ్డుకుంటాయి కానీ, ఒక మేనేజర్ పెట్టింది మరో మేనేజర్‌కు తెలియదు.

పిప్‌ను రూట్ అనుమతితో నడిపి, డిస్ట్రిబ్యూషన్ నమ్ముకున్న లైబ్రరీలను మార్చేసి, సిస్టం పనిముట్లను పాడుచేసుకున్నవారు ఎందరో. పెప్ 668 అనే పైతాన్ ప్రతిపాదన దానికి అడ్డుకట్ట వేసింది. డెబియన్ 12 నుంచి సిస్టం పైతాన్‌లోకి పిప్‌తో నేరుగా ఇన్‌స్టాల్ చేయబోతే ఇది బయటివారి నిర్వహణలో ఉందంటూ తిరస్కరిస్తుంది. కమాండ్ల కోసమైతే పిప్ఎక్స్ వాడాలి: అది ఒక్కో ప్రోగ్రాంకు విడి ఎన్విరాన్‌మెంట్ కట్టి, పేరును మాత్రం ‘.లోకల్/బిన్’లో లింకుగా పెడుతుంది.

పైతాన్ తన పేరు విషయంలోనూ పదేళ్లు ఇబ్బందిపడింది. 2010 అక్టోబరులో ఆర్చ్ లినక్స్ ‘పైతాన్’ అంటే పైతాన్3 అని మార్చేసింది. మిగతావాటిలో అదే పేరు పైతాన్2కు పలికేది. ఉబుంటు 20.04లో మామూలుగా ఆ పేరుతో కమాండే ఉండదు. కావాలనుకున్నవారి కోసం ‘పైతాన్-ఈజ్-పైతాన్3’ అనే ప్యాకేజీ పెట్టారు.

ప్యాకేజీ పేరు ఒకటి, కమాండ్ పేరు ఇంకొకటి కావడం ఇప్పుడు మామూలైపోయింది. ఫైళ్లలో మాటలు వెతకడానికి 2016లో వచ్చిన రిప్‌గ్రెప్‌ను పిలిచేది ‘ఆర్‌జీ’ అని. అలాంటిదే అయిన సిల్వర్ సెర్చర్ కమాండ్ వెండి రసాయన సంకేతమైన ‘ఏజీ’. టైపు చేయడానికి సుఖమే. పేరు విని ఇన్‌స్టాల్ చేయబోయే కొత్తవారికి మాత్రం కష్టం: ప్యాకేజీ పేరు ఊహించి తప్పు కొడితే, అదే పేరుతో ఎవరో దురుద్దేశంతో పెట్టిన ప్యాకేజీ దిగే ప్రమాదముంది. కర్ల్‌తో స్క్రిప్టు తెచ్చి నేరుగా షెల్‌కు అందించే పద్ధతి దీనికన్నా మెరుగేమీ కాదు. ఆ స్క్రిప్టు ఏ డైరెక్టరీలో ఏం పెడుతుందో చదివి చూసేవారు తక్కువ. డౌన్‌లోడ్ సగంలో తెగితే సగం స్క్రిప్టే నడిచిపోతుంది. జాగ్రత్తపరులు దాన్నంతా ఒక ఫంక్షన్‌లో పెట్టి చివరి వరుసలో పిలుస్తారు.

పేరు చివర ‘.ఎస్‌హెచ్’, ‘.పీఎల్’ లాంటి తోకలు వద్దని డెబియన్ పాలసీ చెబుతుంది. ఈరోజు షెల్‌లో రాసినదాన్ని రేపు వేరే భాషలోకి మారిస్తే పేరు అబద్ధమవుతుంది, లేదా వాడేవారందరి స్క్రిప్టులూ మార్చాలి. ప్రతి కమాండ్‌కూ మాన్యువల్ పేజీ ఉండాలని కూడా అదే పాలసీ అంటుంది. ఇది పాటించేవాళ్లు తగ్గిపోతున్నారు.

తెలుగు లిపిలో కమాండ్ పేర్లు

లినక్స్ కెర్నెల్ ఫైలు పేరులో స్లాష్‌ను, సున్నా బైటును తప్ప దేన్నీ కాదనదు. కాబట్టి ‘జాబితా’ అనే పేరుతో ప్రోగ్రాం పెట్టి, తెలుగు కీబోర్డుతో టైపు చేసి నడుపుకోవచ్చు. అడ్డంకులు పొడవు దగ్గర వస్తాయి. యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు పడితే, తెలుగులో అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. ఫైలు పేరుకు పరిమితి 255 బైట్లు కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. నడుస్తున్న ప్రాసెస్ పేరుకు మాత్రం కెర్నెల్ ఇచ్చే చోటు 15 బైట్లే. ఇంగ్లీషులోనే పొడుగాటి పేర్లు ప్రాసెస్ జాబితాలో తోక తెగి కనిపించేది ఇందుకే. ‘జాబితా’లో మూడు అక్షరాలు, మూడు గుర్తులు కలిసి 18 బైట్లు. అంటే ఈ చిన్న మాట కూడా అక్కడ చివరి దీర్ఘం పోగొట్టుకుని ‘జాబిత’ అవుతుంది. మెనూలు, సందేశాలు తెలుగులోకి తేవడానికి గ్నూ గెట్‌టెక్స్ట్ ఉంది. హైదరాబాద్ స్వేచ్ఛ సంస్థ లాంటివాళ్లు డెస్క్‌టాప్‌ను తెలుగు చేశారు కూడా. కమాండ్ పేర్లను అనువదించే ఏర్పాటు మాత్రం ఏ సిస్టంలోనూ లేదు, ఉండకూడదు కూడా. భాష మార్చినప్పుడల్లా పేరు మారితే ఏ స్క్రిప్టూ ఇంకో కంప్యూటర్లో నడవదు. సొంతానికి కావాలంటే బ్యాష్‌లో తెలుగు పేరుతో అలియాస్ పెట్టుకోవచ్చు.

కొత్త పేరు ఖరారు చేసే ముందు

పైకో ఎడిటర్‌కు బదులుగా 1999లో పుట్టిన చిన్న ఎడిటర్‌కు మొదట టిప్ అని పేరు పెట్టారు. మోడెమ్ ద్వారా వేరే కంప్యూటర్‌ను కలిపే పాత యునిక్స్ కమాండ్ పేరు కూడా టిప్ అని తెలిసి, 2000 జనవరిలో నానో అని మార్చేశారు. వాడేవారు ఇంకా కొద్దిమందే కావడంతో ఆ మార్పు పెద్ద నొప్పి లేకుండా జరిగిపోయింది. నోడ్‌కు ఆ అవకాశం దక్కలేదు.

మీరు ప్రాజెక్టు మొదలుపెడుతుంటే, అనుకున్న పేరును ముందు మీ టెర్మినల్‌లోనే కొట్టి చూడండి. తర్వాత డెబియన్ వెబ్‌సైటులో ప్యాకేజీల లోపలి ఫైళ్లను వెతికే సౌకర్యముంది, అక్కడ చూడండి. ఇన్‌స్టాల్ చేయని ప్రోగ్రాముల పేర్లు కూడా బయటపడతాయి. హోంబ్రూలోనూ, భాషల ప్యాకేజీలు దొరికే పైపీఐ, ఎన్‌పీఎం, క్రేట్స్‌లలోనూ చూడండి. విండోస్ కమాండ్ల జాబితా కూడా చూడండి, పెద్దబడి చిన్నబడి తేడా తీసేసి అన్నిటినీ మరోసారి చూడండి. ఎక్కడైనా తగిలితే, మొదటి వెర్షన్ విడుదల కాకముందే మార్చేయండి.